ఈ హ్యాండిల్ తిప్పే పసుప్పచ్చ డబ్బాకు 17 వేలా? తెమ్మనాల్నా వద్దా చెప్పండప్పా

టవర్‌క్లాక్_అనంత

అందరికీ నమస్తే. మా బామ్మర్ది అమెరికాలో ఉంటాడు, సంక్రాంతికి వస్తాండాడు. ఏం తేవాల బావా అని ఫోన్ చేస్తే నేను గమ్మునుండక ఫోను మా వోని చేతికిచ్చినా. ఎనిమిదో తరగతి వాడు, షూసో బ్యాటో అడుగుతాడులే అనుకున్న్యా. వాడు టక్కున "మామా, ప్లేడేట్" అన్నాడు. అదేందో నాకు తెల్దు. ఆ రాత్రి కూర్చోని మొత్తం చదివినా, చదివినంక నిద్ర పట్టలే.

తెలియనోళ్ళకు చెప్తా. పోర్ట్‌లాండ్ ఊర్లో పానిక్ అని ఒక కంపెనీ, మాక్ కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ రాసేటోళ్ళు, వాళ్ళు 2019లో ఈ ఆటల డబ్బాను బయటపెట్టినారు. చేతిలో ఇమిడిపోతాది, 86 గ్రాములు. స్క్రీన్ 2.7 ఇంచులు, నలుపు తెలుపు. బూడిద రంగు కూడా లేదు సామీ, చుక్క ఉంటే నలుపు లేకుంటే తెలుపు, మధ్యలో ఇంగేం లేదు. వెనకాల లైటు కూడా లేదు. కుడిపక్కన మడిచి పెట్టుకునే చిన్న హ్యాండిల్ ఒకటి ఉంటాది, దాన్ని తిప్పుతా ఆడాలంట. మా నాయన బావి కాడ ఆయిల్ ఇంజన్‌కు హ్యాండిల్ కొట్టీ కొట్టీ భుజం పోగొట్టుకున్న్యాడు, మనవడేమో 17 వేలు పెట్టి హ్యాండిల్ తిప్పుతాడంట.

ధర కూడా చూడండి. చెప్పినప్పుడు 149 డాలర్లు. 2021 జులైలో బుకింగ్ తెరిస్తే 179. 2023 ఏప్రిల్‌లో 199. ఏ ఎలక్ట్రానిక్ వస్తువన్నా పాతబడేకొద్దీ దిగుతాది, ఇది ఎక్కుతాంది. పైన కవర్ కావాలంటే దానికి వేరే దుడ్డు.

మా వోడు చెప్పేదేమంటే "నాయనా అది రెట్రో, పాతకాలం మోడల్, అట్లనే ఉండాల". నాకు ఆ మాట కాడనే మండింది. 1989లో నింటెండో కంపెనీ గేమ్ బాయ్ అనే చేతి ఆటల డబ్బా వచ్చినప్పుడు అది నలుపు తెలుపు ఎందుకుండె? చవకగా ఉండాలని, బ్యాటరీ నిలబడాలని. దాన్ని చేసిన గున్‌పే యొకోయ్ అనే ఆయన పద్ధతే అది, పాతబడి చవకైపోయిన సామాన్తోనే కొత్త ఆట చేయాల అని. తక్కువ పెట్టినారు, తక్కువకు అమ్మినారు. వీళ్ళు తక్కువ పెట్టి ఎక్కువకు అమ్ముతాండారు, దానికి కళ అని పేరు పెట్టినారు. నాకైతే ఇది ముమ్మాటికీ టోపీ. వాడినోళ్ళెవరన్నా ఉంటే చెప్పండి, లేకుంటే వద్దని చెప్పేస్తా.

ఉగ్గాని_బజ్జి

హ్యాండిల్ తిప్పితే ఛార్జ్ ఎక్కుతాదేమో అన్నా. కరెంట్ పోయినప్పుడు పనికొస్తాది, తెప్పించు.

తాడిపత్రి_రాయి

ఛార్జ్ ఎక్కదు. అందరూ ఇదే అడుగుతారు, నా దగ్గర చూసిన ప్రతి మనిషీ మొదట ఇదే అడిగినాడు. అది ఊరికే ఒక బటన్ లాంటిదే, ఎంత తిప్పినాం ఎటు తిప్పినాం అని ఆటకు చెప్తాది అంతే. ఛార్జింగ్ మామూలు టైప్ సి కేబుల్.

అవును, నా దగ్గర ఉంది. మా అన్న 2023లో వచ్చినప్పుడు తెచ్చినాడు, అప్పటికే 199. కాబట్టి నేను చెప్పేది విని ఆ తర్వాత తిట్టుకోండి.

మొదట చెడ్డ మాటే చెప్తా. రాత్రి మంచంలో పడుకోని ఆడుకుందాం అంటే కుదరదు, ట్యూబ్ లైట్ నెత్తిమీద ఉండాల్సిందే. డబ్బాతో పాటు 24 ఆటలు వస్తాయి, అన్నీ ఒకేసారి రావు, వారానికి రెండు లెక్కన 12 వారాలు. మొదటి నెల సోమవారం ఎప్పుడొస్తాదా అని ఎదురుచూసినా, నిజం చెప్తాండా. ఆ 24లో నాకు బాగా నచ్చినవి ఆరో ఏడో. కొన్నైతే రెండు నిమిషాలు చూసి మళ్ళ తెరవలే. నాలుగో నెలకు అల్మారాలో పెట్టేసినా.

ఇంగ మంచి మాట. నేను పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తా. లారీ లోడింగ్ అయ్యేవరకు రెండు మూడు గంటలు ఎండలో నిలబడి ఉండాల. తాడిపత్రి ఎండ మీకు చెప్పనక్కరలే, ఏప్రిల్‌లో ఫోన్ తీస్తే స్క్రీన్‌లో మన మొహం తప్ప ఏం కనపడదు, ఐదు నిమిషాలకు ఫోన్ వేడెక్కి బ్రైట్‌నెస్ తనంతట తానే తగ్గిస్తాది. ఈ డబ్బా మాత్రం ఎండ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనపడుతుంది, కాయితం మీద అచ్చేసినట్ల. అల్మారాలోంచి తీసి ఇప్పుడు దాన్ని బండి బాక్సులోనే పెట్టుకుంటా. లైటు లేకపోవడం అమెరికావోళ్ళకు లోటు కావొచ్చు గానీ మనకు మధ్యాన్నం పూట అదే లాభం.

17 వేల లాభమా అంటే మాత్రం నన్ను అడగొద్దు, నాకు ఊరికే వచ్చింది.

కారందోసె

"నాకు ఊరికే వచ్చింది" హహహ. ఈ చర్చ మొత్తంలో అసలైన రివ్యూ ఇదే అన్నా.

నాది కడప. నాకు ఇట్లాంటివి చూస్తే పెద్ద దర్గా ఉరుసు గుర్తొస్తాది. చిన్నప్పుడు ఉరుసు అంగళ్ళలో మా నాయనతో పోట్లాడి బ్రిక్ గేమ్ కొనిపిచ్చుకున్న్యా, రెండు పెన్సిల్ సెల్లు వేసేది, ఇటుకలు పైనుంచి పడతాంటాయి చూడు అది. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో 9999 ఇన్ 1 అని. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు! ఎండాకాలం సెలవులు అన్నీ ఒక్కొక్కటే లెక్కబెట్టినా. పట్టుమని పది పదిహేను ఉండె, మిగతావన్నీ అవే ఆటలకు స్పీడ్ పెంచి కొత్త నెంబర్ ఏసినారు. అయినా ఆ బాధ వంద రూపాయల బాధే. సెల్లు అయిపోతే టీవీ రిమోట్‌లోవి పీకేవాణ్ణి, దానికి మా జేజితో తన్నులు.

ఇప్పుడు అదే మోసం ఇంగ్లీషులో, మంచి ఫాంట్‌తో, స్వీడన్ డిజైన్‌తో వచ్చింది. హ్యాండిల్ ఐడియా టీనేజ్ ఇంజనీరింగ్ అనే స్వీడన్ కంపెనీది, వాళ్ళ వస్తువుల ధరలు ఒకసారి చూడండి, ఆ తర్వాత ఈ 17 వేలు మీకే తక్కువ అనిపిస్తాది.

బురుజు_కర్నూలు

నాకు సెల్ రిపేర్ షాపు ఉంది, కాబట్టి కొంచెం సామాన్ల లెక్క చెప్తా, ఎవరూ కోప్పడొద్దు.

టవర్‌క్లాక్ అన్న "తక్కువ పెట్టినారు" అన్నాడే, అది పూర్తి కరెక్ట్ కాదు. ఆ స్క్రీన్ పాతకాలం కాలిక్యులేటర్ స్క్రీన్ కాదు. షార్ప్ వాళ్ళ మెమరీ ఎల్‌సీడీ, 400 ఇంటు 240. మామూలు ఎల్‌సీడీలో బొమ్మ కదలకపోయినా సెకనుకు అరవై సార్లు మళ్ళా మళ్ళా గీయాల, దీంట్లో ఒక్కో చుక్కకూ తన సొంత జ్ఞాపకం ఉంటాది, నల్లగా ఉండు అంటే మళ్ళ చెప్పేవరకు నల్లగానే ఉంటాది. అందుకే కరెంటు చాలా తక్కువ తాగుతాది, అంత చిన్న బ్యాటరీతో ఎనిమిది గంటలు ఆడొచ్చు అని కంపెనీ చెప్తాది. ఫోన్ స్క్రీన్లు కోట్లలో తయారవుతాయి కాబట్టి చవక, నా షాపులో మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ డిస్‌ప్లే వెయ్యి రూపాయలకు వేసిస్తా. ఇట్లాంటి రకాలు ఎవరు ఎన్ని కొంటారు? చేసేదే తక్కువ అయితే ఒక్కోదాని మీద పడే ఖర్చు ఎక్కువ. 2021లో బుకింగ్ పెట్టినప్పుడు మొదటి 20,000 అయితే 20 నిమిషాల లోపలే అయిపోయినాయి, కానీ అచ్చు, బోర్డు డిజైన్, టెస్టింగ్ ఖర్చు 20 వేలకైనా 20 లక్షలకైనా ఒకటే పడతాది. అది చాలదని తయారైన మొదటి 5,000 పీసుల్లో బ్యాటరీ బాగలేదని తేలి అన్నీ వెనక్కి పంపి మార్పిచ్చినారు, ఆ దెబ్బకు 2021 చివర్న రావాల్సింది 2022 ఏప్రిల్‌కు పోయింది. చిప్పులు దొరక్క ప్రాసెసర్ కూడా మార్చాల్సి వచ్చింది. ఆ కాలంలో చిప్పుల కరువు ఎట్ల ఉండెనో నా షాపు చూసుంటే తెలుస్తాది.

రెండోది, గేమ్ బాయ్ చవక అన్నావు. అమెరికాలో దాని ధర 89.95 డాలర్లు. అన్నా, అది 1989. అప్పటి 90 డాలర్లు ఇప్పటి లెక్కలో 200 పైనే. అంటే అదీ ఇదీ ధర సమానం. దానికి ఏమంటావు?

కొనమని చెప్పడంలే నేను. టోపీ అన్న మాట మాత్రం ఒప్పుకోను. ఖరీదు వేరే, మోసం వేరే.

టవర్‌క్లాక్_అనంత

బురుజు తమ్ముడూ, బాగా చెప్పినావు, మెమరీ ఎల్‌సీడీ సంగతి నాకు తెల్దు, ఆ ముక్క వెనక్కి తీసుకుంటా.

గేమ్ బాయ్ లెక్క మాత్రం ఒప్పుకోను. 90 డాలర్లు ఇప్పటికి ఎంత అని కాదు, ఆ దినం అంగట్లో పక్కన ఏముండె అని చూడాల. అదే 1989లో అటారీ లింక్స్ వచ్చింది, కలర్ స్క్రీన్, వెనక లైటు, ధర 180 డాలర్ల దరిదాపు. 1991లో అమెరికాకు సెగా గేమ్ గేర్ వచ్చింది, అదీ కలరే, 150. గేమ్ బాయ్ వాటిల్లో దగ్గర దగ్గర సగం ధర. గేమ్ గేర్‌కు ఆరు సెల్లు వేస్తే మూడు నుంచి ఐదు గంటలు, గేమ్ బాయ్‌కు నాలుగు వేస్తే పది గంటల పైనే. అంటే కొనేటోనికి రంగు పోయింది, బదులుగా చేతిలో దుడ్డు మిగిలింది, సెల్లు మిగిలినాయి. అది బేరం.

ఇప్పుడు? 2019లో నింటెండో స్విచ్ లైట్ వచ్చింది, కలరు, టచ్చు, పెద్ద పెద్ద ఆటలు, వచ్చినప్పుడు దాని ధర ఎంతో తెలుసా, ఇదే 199 డాలర్లు. అంటే రంగు లేనిది రంగున్నదానితో సమానం. అప్పుడు రంగు వదులుకుంటే సగం ధరకు ఇచ్చినారు, ఇప్పుడు రంగు వదులుకున్నందుకు మనమే ఎదురు కట్నం ఇయ్యాల. ఖర్చు ఎక్కువైంది అనేది కంపెనీ బాధ తమ్ముడూ, కొనేటోని బాధ కాదు. మా మామ శెనక్కాయ వేసి ఎకరాకు ఎంత పెట్టినాడో చెప్తే మార్కెట్‌లో ఎవడన్నా ఆ లెక్కన రేటు కట్టిస్తాడా?

ఉగ్గాని_బజ్జి

ఆ ఎదురు కట్నం ముక్కకు లైక్.

శెనక్కాయ_1990

ఇంత గొడవెందుకు? రెట్రో కావాలంటే చైనావి ఉన్నాయి కదా. మియూ మినీ ప్లస్ అని ఉంది, ఆన్‌బెర్నిక్ వాళ్ళవి పది రకాలు ఉన్నాయి, ఆర్36ఎస్ అయితే ఇంకా చవక. అన్నిట్లో కలర్ స్క్రీన్, వెనక లైటు, మియూ, ఆర్36ఎస్ అయితే 3.5 ఇంచులు 640 ఇంటు 480. ప్లేడేట్ ధరకు రెండు మూడు కొని పంచిపెట్టొచ్చు. మన పాత మారియో, కాంట్రా అన్నీ ఆడేకి వస్తాయి. నేను ఒకటి కొన్న్యా. కాకపోతే ఒక ఆన్‌లైన్ సైట్‌లో ఒరిజినల్ అని పెట్టి నాకు నకిలీ పంపినారు, మెమరీ కార్డు మూడో వారమే చచ్చిపోయింది, రిటర్న్ పెడితే విండో అయిపోయిందన్నారు. మంచి కార్డు వేసినంక బాగుంది. గేమ్స్ కావాలంటే లింక్ పెడతా.

నిర్వాహకుడు

లింకులు వద్దు. ఆ కార్డుల్లో వేలకు వేలు ఆటలు పెట్టి అమ్మేది హక్కుదార్ల అనుమతి లేకుండానే. డబ్బాల గురించి ఎంతైనా మాట్లాడుకోండి, ఫైళ్ళు ఇక్కడ పంచొద్దు.

కారందోసె

నిర్వాహకుడన్నా, 1990లలో మనం కర్నూల్లో గంటకింత అని కట్టి ఆడిన టీవీ గేముల పసుప్పచ్చ క్యాసెట్లు ఏమన్నా ఒరిజినలా? మనకు తెలిసిన మారియో మొత్తం డూప్లికేట్ మారియోనే. సరేలే, వద్దంటే వద్దు.

అదే రెట్రోలో నిజంగా పనితనం చూడాలంటే అనలాగ్ పాకెట్ అనే ఆటల డబ్బా చూడండి. 2021 డిసెంబర్‌లో వచ్చింది. పాత గేమ్ బాయ్ క్యాసెట్టే దాంట్లో పెట్టొచ్చు. గేమ్ బాయ్ స్క్రీన్ 160 ఇంటు 144, దీనిది 1600 ఇంటు 1440, ఒక్కో పాత చుక్కకు అడ్డంగా పది నిలువుగా పది చుక్కలు, లెక్క సరిగ్గా కూర్చుంటాది, అందుకే బొమ్మ పాతదాని లాగే ఉంటాది. అదీ ఖరీదే, కానీ దుడ్డు ఎక్కడికి పోయిందో కంటికి కనపడతాది. ప్లేడేట్‌లో దుడ్డు ఎక్కడికి పోయిందంటే హ్యాండిల్‌కు పోయింది.

ఇడుపులపాయ_బ్యాచ్

అన్నలకు నమస్తే. ట్రిపుల్ ఐటీలో చదువుతాండా. మీరంతా ఆడేటోళ్ళ వైపు నుంచే మాట్లాడుతాండారు, చేసేటోళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్తా, కొంచెం పెద్దగా ఉంటాది ఓపిక పట్టండి.

స్విచ్‌కు ఆట చేయాలంటే ముందు నింటెండో ఒప్పుకోవాల, ఆట తయారుచేసే వాళ్ళ కిట్ తెచ్చుకోవాల. మన ఇంట్లో ఉన్న స్విచ్‌లో మనం రాసుకున్న ఆట మామూలుగా పడదు. ప్లేడేట్‌కు అట్ల లేదు. కిట్ ఉచితం, విండోస్ మాక్ లినక్స్ దేంట్లోనైనా పెట్టుకోవచ్చు. లువా అనే చిన్న భాషలో రాయొచ్చు, స్పీడ్ కావాలంటే సీ భాషలో. లువా నాకు రెండు వారాల్లో వచ్చింది, జావా నాలుగు సెమిస్టర్లకు రాలేదు, అది వేరే సంగతి. అదీ కష్టం అనుకునేటోళ్ళకు పల్ప్ అని బ్రౌజర్‌లోనే నడిచేది ఒకటి ఉంది, గళ్ళ కాయితం మీద గీసినట్ల బొమ్మలు గీసి నాలుగు ముక్కలు రాస్తే ఆట అయిపోతాది. చేసినదాన్ని వాళ్ళ షాపులో పెట్టాలని కూడా లేదు, ఫైలు స్నేహితునికి పంపితే వాడు తన డబ్బాలో ఎక్కించుకుంటాడు. అడ్డం చెప్పేటోడు ఎవడూ లేడు.

నలుపు తెలుపు గురించి. ఎగతాళి చేస్తాండారు కదా. నేను కలర్ గేమ్ ఒకటి మొదలుపెట్టి సంవత్సరం అయింది, ఇప్పటికీ హీరో చొక్కా రంగు కాడనే ఉన్నా. ఇక్కడ రంగే లేదు కాబట్టి ఆలోచించేకి ఏం లేదు, మూడో దినానికి మనిషి నడుస్తాండాడు. లిమిట్ ఉంటే పని తొందరగా తెగుతాది. టవర్‌క్లాక్ అన్న చెప్పినట్ల ఆ లిమిట్ కొనేటోనికి లాభం కాకపోవచ్చు, కానీ నాలాంటోనికి లాభమే. ఆ లాభం తిరిగి కొనేటోనికి కొత్త ఆటల రూపంలో వస్తాది అని వాళ్ళ లెక్క. 2023 మార్చిలో వాళ్ళ సొంత అంగడి కూడా తెరిచినారు, క్యాటలాగ్ అని. చిన్న చిన్న ఆటలు, ఎక్కువ భాగం ఒక్క మనిషి ఇద్దరు మనుషులు చేసినవే.

నా దగ్గర డబ్బా లేదు. అంత దుడ్డు నా మెస్ బిల్లుకే లేదు. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ ఉంటాది, అచ్చం డబ్బా బొమ్మే వస్తాది, హ్యాండిల్ మౌస్‌తో తిప్పాల. అది కూడా ఉచితమే.

టవర్‌క్లాక్_అనంత

ఆగు తమ్ముడూ ఆగు. అంటే డబ్బా కొనకుండానే ఆట చేయొచ్చు, కొనకుండానే కంప్యూటర్‌లో ఆడి చూడొచ్చు. మరి 199 డాలర్లు దేనికి?

ఇడుపులపాయ_బ్యాచ్

హ్యాండిల్ కోసం అన్నా 🙏

కారందోసె

నేను చెప్పలా.

కోటిరెడ్డి_సర్కిల్

నేను టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. చాలాసేపటి నుంచి చదువుతున్నాను, ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను.

మీరందరూ 17 వేలకూ సున్నాకూ మధ్య బేరం చేస్తున్నారు. ఊరికే వస్తుందనుకునే ఫోన్ గేమ్ కూడా సున్నా కాదు. మా చిన్నోడు ఒక ఫోన్ గేమ్‌లో తుపాకీకి రంగు వేయించుకోవడానికని వాళ్ళ నాన్న ఫోన్ నుంచి రెండు నెలల్లో 6,400 రూపాయలు కట్టాడు. ఒకేసారి కాదు, 79, 159, 399, అట్లా. బ్యాంక్ మెసేజ్‌లు వచ్చినా ఈయన కూరగాయల ఖర్చు అనుకున్నాడంట! తుపాకీ మాత్రం నిజంగానే మంచి రంగు వేశారు, అది ఒప్పుకోవాలి. తర్వాత ఆ గేమ్ వాడికే బోర్ కొట్టింది, డబ్బు వెనక్కి రాలేదు.

ఈ హ్యాండిల్ డబ్బాలో ప్రకటనలు లేవని, మధ్యలో డైమండ్లు కొనమని అడగదని, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో చాటింగ్ లేదని విన్నాను. తాడిపత్రి తమ్ముడూ, అది నిజమేనా? నిజమైతే ధర సంగతి నేను వేరే రకంగా చూస్తాను. ఒకసారి కట్టి ఊరుకునేది, ప్రతి రాత్రీ జేబు తడిమేది రెండూ ఒకటి కాదు.

ఇంకో మాట. అనంతపురం అన్న కొడుకు ఎందుకు అడిగాడో ఎవరన్నా అడిగారా? ఎనిమిదో తరగతి పిల్లోడు స్విచ్ అడగలేదు, ఫోన్ అడగలేదు, క్లాసులో ఎవరికీ తెలియని నలుపు తెలుపు వస్తువు అడిగాడు. నా క్లాసులో నలభై మంది ఉన్నారు, అట్లాంటి కోరిక కోరేవాడు ఒక్కడూ లేడు. ముందు వాణ్ణి అడగండి.

తాడిపత్రి_రాయి

నిజమే అక్కా. ప్రకటనలు లేవు, ఆట మధ్యలో దుడ్డు అడిగేది నేను ఇంతవరకు చూడలే. కొత్త ఆటలు మాత్రం ఊరికే రావు. 2025లో రెండో సీజన్ అని 12 ఆటలు పెట్టినారు, 39 డాలర్లు, ఇష్టమైతే కొనుక్కో లేకుంటే లేదు. నేను కొనలే, ఆ పాత 24లోనే చూడనివి ఇంకా ఉన్నాయి.

కారందోసె తమ్ముడు హ్యాండిల్‌ను ఊరికే తీసిపారేస్తాండాడు, అక్కడ మాత్రం తప్పు. సగం ఆటల్లో హ్యాండిల్ ఊరికే అతికించినట్లే ఉంటాది, ఒప్పుకుంటా, బటన్‌తో అయ్యే పనిని తిప్పి చేయమంటారు. కానీ కటమారి అనే పేరున్న వీడియో గేమ్ చేసిన కేతా తకహాషి అనే ఆయన దీనికోసం ఒక ఆట చేసినాడు, దాంట్లో హ్యాండిల్ తిప్పితే బొమ్మమనిషి కాలం ఒక్కటే ముందుకు పోతాది, వెనక్కి తిప్పితే వెనక్కి. వాడు తాను ప్రేమించిన పిల్లను కలిసేకి పోవాల, దావలో పందులు, సీతాకోకచిలుకలు తగలకుండా వాని కాలాన్ని ఆపుతా, వెనక్కి లాగుతా, మళ్ళ వదులుతా పోవాల. నిదానంగా తిప్పితే నిదానంగా నడుస్తాడు, ఉన్నట్టుండి గిర్రున తిప్పితే పరిగెత్తుతాడు. అది టచ్ స్క్రీన్ మీద రాదు. వేలికి తగలాల. మా జేజి తిరగలి తిప్పుతా పాట పాడతాంటే చేతి వేగం పాట వేగం కలిసిపోయేవి, సరిగ్గా ఆ ఫీలింగ్. మా అమ్మకు ఇచ్చినా ఒక దినం. ఫోన్‌లో ఆటలు ముట్టదు మా అమ్మ. దీన్ని అరగంట తిప్పింది. "రాగులు ఏవిరా" అనింది.

అట్లాంటి ఆటలు నాలుగైదు ఉన్నాయి. నాలుగైదుకు 17 వేలా అంటే మళ్ళ మొదటికే వస్తాం.

బురుజు_కర్నూలు

టవర్‌క్లాక్ అన్నా, ప్రాక్టికల్ మాట ఒకటి. తెప్పించేటట్లుంటే బామ్మర్ది బ్యాగులోనే తెమ్మను, ఒక్కటి అయితే విమానంలో తెచ్చుకునే సామాన్ల డ్యూటీ ఫ్రీ లిమిట్ లోపలే ఉంటాది. కొరియర్‌లో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ పన్ను, ధర ఎక్కడికో పోతాది. ఇంగోటి, అది చెడిపోతే ఇక్కడ ఎవరి దగ్గరా స్పేర్ లేదు, నా దగ్గర కూడా లేదు. నాకు తెస్తే మాత్రం ఊరికే విప్పి చూస్తా, దుడ్డు తీసుకోను, లోపల హ్యాండిల్ ఎట్ల పనిచేస్తాదో చూడాలని నాకే ఉంది.

టవర్‌క్లాక్_అనంత

కోటిరెడ్డి సర్కిల్ అక్క మాట విని మా వోన్ని అడిగినా. ఎందుకురా అదే కావాల అంటే మొదట నసిగినాడు. తర్వాత నోట్‌బుక్ తెచ్చినాడు, లెక్కల నోట్‌బుక్. వెనక పేజీల్లో గళ్ళల్లో నింపిన బొమ్మలు, పల్ప్ అని తమ్ముడు చెప్పినాడే, వాడు స్కూల్ కంప్యూటర్‌లో ఎప్పుడో చూసినాడంట. మా ఊరి బోరుబండి గీసినాడు. హ్యాండిల్ తిప్పితే రాడ్డు భూమిలోకి దిగాల అంట, అందుకే హ్యాండిల్ ఉన్న డబ్బా కావాల్సొచ్చింది. మా నాయనకు మూడు బోర్లు ఫెయిల్ అయినాయి, వాడు అది చూసి గీసినాడో ఏమో, నేను అడగలే.

ఇడుపులపాయ తమ్ముడూ, నీకు ప్రైవేట్ మెసేజ్ పెట్టినా. వాని బొమ్మలకు ఆ లువా ఏదో కొంచెం సాయం చేస్తావా. ధర మీద నా మాట మారలే, అది ఎక్కువే, టోపీ అనేది ఒక్కటి తీసేస్తా.

ఇడుపులపాయ_బ్యాచ్

వారం పట్టింది అన్నా, మీ వోడే ఎక్కువ చేసినాడు. చేతిలో 3 లక్షల అప్పుతో మొదలు. టెంకాయ అరచేతిలో పెట్టుకోని నీళ్ళు చూసే ఆయన వస్తాడు, టెంకాయ ఎక్కడ నిలబడితే అక్కడ బోరు వేయాల. హ్యాండిల్ ఒక చుట్టుకు పది అడుగులు. వంద అడుగులు దాటినప్పుడల్లా దుడ్డు కట్ అవుతాది. నీళ్ళు ఎన్ని బోర్లకు ఒకసారి పడాల అని నేనడిగితే "తాతకు పడినట్లే పెట్టన్నా" అన్నాడు మీ వోడు. అట్లే పెట్టినా. రెండు బోర్లకే నీళ్ళు పడేటట్ల ఈజీ మోడ్ పెడదాం అంటే ఒప్పుకోలే.

ఉగ్గాని_బజ్జి

ఫైల్ నాక్కూడా.

తాడిపత్రి_రాయి

డబ్బాలో ఎక్కించినా. సాయంత్రం యూనిట్‌లో ఆరుమంది చేతులు మారింది, 700 అడుగులు తిప్పి ఒకడు బండబూతులు తిట్టినాడు. టవర్‌క్లాక్ అన్నా, ఆదివారం అనంతపురం వస్తాండా, పిల్లోనికి నిజం హ్యాండిల్ మీద చూపిస్తా. బామ్మర్దికి చెప్పేది ఏమన్నా ఉంటే ఆ తర్వాత చెప్పు.

టవర్‌క్లాక్_అనంత

రా తమ్ముడూ, మధ్యాన్నం సంగటి మా ఇంట్లోనే. నేను కంప్యూటర్‌లో మౌస్‌తో ఆడతాండా రాత్రి నుంచి. ఐదు బోర్లు వేసినా, ఐదూ దుమ్మే. అప్పు తెచ్చిన దుడ్డులో 40 వేలు మిగిలుంది. టెంకాయ ఆయన మళ్ళ వచ్చి ఈశాన్యంలో నిలబడినాడు, ఆరోది వేస్తాండా.